మన టీమ్ ఓడిపోతే మనం ఎందుకు ఓడిపోతాం? 'అభిమానం' అనే మాట మీద కాసేపు



పోయినసారి వీడియోలో మమకారం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో సమయం చాలక పక్కన పెట్టిన ఒక ప్రశ్నని ఈ పోస్టులో తీసుకుంటున్నాను. అడిగింది తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు. తను రాసింది దాదాపు ఇలా ఉంది:

"అన్నయ్యా, క్రికెట్ చూడటం పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను. మా టీమ్ ఓడిన రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే లేచి దీపం పెడుతున్నా మనసు స్కోర్ కార్డు దగ్గరే ఉంటోంది. పోయిన ఐపీఎల్ నుంచి రూమ్మేట్‌తో మాటల్లేవు. కానీ మానేస్తే ఇంకో బాధ. మా నాన్న కైకలూరు అవతల చేపల చెరువుల మీద పనిచేస్తారు. ఆయన గట్టు మీద కూర్చుని ఫోన్‌లో చూస్తారు, నేను హాస్టల్‌లో చూస్తాను. ఓవర్ ఓవర్‌కీ ఫోన్ చేసుకుంటాం. మా ఇద్దరి మధ్యా ఉన్న మాటలు అవే. ఆట మానేస్తే నాన్నతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. ఇది సాధనకి అడ్డా, కాదా చెప్పండి."

చాలామంది దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తారు. "మాయ నాయనా, వదిలెయ్" అంటారు. ఇంకొందరు "ఆటని ఆటలా చూడు" అంటారు. మొదటిది తొందరపాటు. రెండోది వినడానికి బావుంటుంది గానీ, ఎలా చూడాలో చెప్పదు. మనం కొంచెం నిదానంగా వెళ్దాం.

మొట్టమొదటి ప్రేక్షకుడు

మన ఇతిహాసాల్లో, దూరంగా కూర్చుని, కామెంటరీ వింటూ, ఒక పక్షం గెలవాలని తపించిన మనిషి ఎవరు? ధృతరాష్ట్రుడు. ఆయన యుద్ధభూమికి వెళ్ళలేదు. హస్తినలో కూర్చుని సంజయుణ్ణి అడిగాడు, ఏం జరిగిందని. భగవద్గీత మొదలయ్యేదే ఆ ప్రశ్నతో. అందులో ఆయన రెండు పక్షాలనీ ఎలా పిలిచాడో గమనించండి. ఒక పక్షం 'నావాళ్ళు', ఇంకో పక్షం 'పాండు కొడుకులు'. ఇద్దరూ తన కళ్ళముందు పెరిగిన పిల్లలే. అయినా నోరు తెరిచీ తెరవగానే గీత గీసేశాడు.

దానికంటే ముందే సభాపర్వంలో ఇంకో ఘట్టం ఉంది. జూదం జరుగుతోంది. ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డాడు. సభలో పెద్దలకి చెమటలు పట్టాయి. విదురుడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ సమయంలో ధృతరాష్ట్రుడు తన సంతోషాన్ని దాచుకోలేక, గెలిచామా, గెలిచామా అని మళ్ళీ మళ్ళీ అడిగాడని వ్యాసుడు చెప్తాడు. కన్నులేని వాడు కాబట్టి అడిగాడు అనుకోకండి. అక్కడ ఏం జరుగుతోందో ఆయనకి తెలుసు. ఇంటి కోడల్ని పందెంలో పెట్టారని తెలుసు. కానీ ఆ క్షణంలో ఆయనకి కావలసింది ఒకే ఒక్క సమాచారం: ఫలితం.

ఇప్పుడు సంజయుణ్ణి చూడండి. అదే యుద్ధం, అదే కబురు. అతను కూడా తటస్థుడేమీ కాదు. కౌరవుల ఉప్పు తిన్నవాడు, ఆ రాజు మనిషి. అయినా గీత చివర్లో అతను ఏమంటాడు? తాను విన్న సంవాదాన్నీ, చూసిన ఆ రూపాన్నీ తలచుకున్న కొద్దీ ఒళ్ళు పులకరిస్తోందనీ, మళ్ళీ మళ్ళీ ఆనందం కలుగుతోందనీ అంటాడు. తన రాజు పక్షం ఓడిపోతుందని తెలిసి కూడా ఆనందించగలిగాడు.

ఇద్దరూ ప్రేక్షకులే. ఇద్దరికీ ఒక పక్షంతో బంధం ఉంది. ఒకడికి దక్కింది ఆందోళన, ఇంకొకడికి దక్కింది ఆనందం. అంటే గొడవ బంధం ఉండటంలోనే లేదన్నమాట. ఆ బంధం ఏ రకందో అక్కడ ఉంది. మన తమ్ముడి ప్రశ్నకి తాళంచెవి ఇదే అని నాకనిపిస్తుంది.

ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో మనం ఫ్యాన్‌ని 'అభిమాని' అంటాం. ఎంత మంచి మాటో. ప్రేమ, గౌరవం, ఆప్యాయత అన్నీ ఉన్నాయి అందులో. కానీ అదే మాటని ఇంకోలా కూడా వాడతాం. "వాడికి అభిమానం ఎక్కువ, ఊరికే డబ్బు తీసుకోడు" అంటాం. "అభిమానం దెబ్బతింది" అంటాం. ఇక్కడ అభిమానం అంటే ఎదుటివాళ్ళ మీద ప్రేమ కాదు, తన గురించి తనకున్న పట్టింపు.

సంస్కృతంలోకి వెళ్తే ఈ రెండో అర్థమే గట్టిది. సాంఖ్య శాస్త్రం అహంకారాన్ని నిర్వచించేటప్పుడు ఈ 'అభిమానం' అనే మాటనే వాడింది. 'ఇది నేను, ఇది నాది' అని దేన్నైనా పట్టుకోవడం అభిమానం. వేదాంతంలో దేహాభిమానం అంటే దేహం మీద ప్రేమ కాదు, దేహమే నేననుకోవడం.

శంకరాచార్యులవారు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లో అధ్యాసని వివరిస్తూ ఒక ఉదాహరణ ఇస్తారు. భార్యో కొడుకో బాగుంటే తానే బాగున్నట్టు, వాళ్ళకి లోటొస్తే తనకే లోటొచ్చినట్టు మనిషి అనుకుంటాడు అని. బయట ఉన్నదాని లక్షణాన్ని తెచ్చి తన మీద వేసుకోవడం అన్నమాట. కొడుకు విషయంలోనైనా రక్తసంబంధం ఉంది. పదకొండుమంది ఆటగాళ్ళ విషయంలో మనకున్నది ఏమిటి?

ఒక లెక్క చూద్దాం. 2023 నవంబర్ 19. అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్. ఆస్ట్రేలియా ఆరు వికెట్ల తేడాతో మనల్ని ఓడించింది. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. పాట్ కమిన్స్ కెప్టెన్. ఆ రాత్రి ఏలూరు నుంచి ఎడిసన్ దాకా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అన్నం గిన్నెలు అలాగే ఉండిపోయాయి. ఆ ఇద్దరి పేర్లూ వింటేనే మండింది.

సరిగ్గా నెల తిరిగింది. డిసెంబర్ 19న దుబాయ్‌లో ఐపీఎల్ వేలం. సన్‌రైజర్స్ హైదరాబాద్ కమిన్స్‌ని 20.5 కోట్లకి, హెడ్‌ని 6.8 కోట్లకి కొనుక్కుంది. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో హెడ్ 41 బంతుల్లో 102 కొడితే, సన్‌రైజర్స్ 287 చేస్తే, అదే ఇళ్ళల్లో ఈలలు. "మనోడు కొట్టాడ్రా!" అని. మే 26న చెన్నైలో ఫైనల్లో 113కే ఆలౌటై కోల్‌కతా చేతిలో ఓడిపోతే, కమిన్స్ మొహం చూసి మళ్ళీ మనకే ఏడుపొచ్చింది.

హెడ్ మారాడా? లేదు. అతని బ్యాట్, అతని మీసం, అతని కవర్ డ్రైవ్ అన్నీ అవే. మారింది ఒక్కటే: చొక్కా రంగు. 'వాడు' నుంచి 'మనోడు' కావడానికి కావలసింది నారింజ రంగు గుడ్డ ముక్క.

ఇంకా చెప్పాలంటే, ఆ టీమ్ యాజమాన్యం చెన్నైది. అంతకుముందు హైదరాబాద్ పేరు మీద ఆడిన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు కొట్టి, 2012లో ఏకంగా మాయమైపోయింది. అభిమానులు మర్నాడు లేచి చూస్తే అభిమానించడానికి టీమే లేదు. 2013లో కొత్త పేరు, కొత్త ఓనర్, కొత్త రంగు. అభిమానం మాత్రం పాతదే, కొత్త పాత్రలోకి వంపుకున్నాం. నామరూపాలు అంటే ఏమిటో అర్థం కాలేదనే పిల్లలకి నేను ఈ ఉదాహరణే చెప్తుంటాను.

అయితే వదిలేయాలా?

ఇక్కడిదాకా చదివి, "చూశారా, అంతా అబద్ధమే, వదిలెయ్యాల్సిందే" అనకండి. అధ్యాస అని తెలిసినంత మాత్రాన అది పనికిరానిదని కాదు. ఒక్కసారి ఏ బంధమూ లేకుండా ఆట చూడటానికి ప్రయత్నించండి. మీకు పేర్లు కూడా తెలియని రెండు దేశాల మధ్య మ్యాచ్ పెట్టుకోండి. పది నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. లేదంటే మీకు తెలియకుండానే, చిన్న దేశం కదా పాపం అనో, ఆ కుర్రాడి చూపు బావుందనో ఒక పక్షం పట్టేస్తారు. పక్షం పట్టాకే ఆట మొదలవుతుంది. అంతవరకూ అది గడ్డి మీద కదలిక.

మన నాట్యశాస్త్ర సంప్రదాయం ఈ సంగతి బాగా ఆలోచించింది. నాటకం చూసేవాడిలో రసం పుట్టాలంటే వాడు 'సహృదయుడు' కావాలి, అంటే పాత్రతో పాటు వాడి హృదయమూ స్పందించాలి. రాయిలా కూర్చున్నవాడికి రసం లేదు. కానీ అభినవగుప్తుడు రసానికి ఏడు విఘ్నాలున్నాయని చెప్తూ, అందులో ఒకటిగా ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడాన్ని లెక్కపెట్టాడు. హృదయం ఉండాలి, కానీ దాంట్లో నీ సొంత లాభనష్టాల లెక్క ఉండకూడదు. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో ఒకాయన చెప్పిన ఈ మాట ఈరోజు మన హాల్లో టీవీ ముందు అచ్చంగా వర్తిస్తుంది.

బంధం ఎంత గొప్ప రుచినిస్తుందో రెండు ఉదాహరణలు చెప్తాను. రెండూ గెలుపులు కావు.

2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేడు. అటువైపు అశ్విన్‌కి నడుము నొప్పి. విహారి 161 బంతులాడి 23 పరుగులు చేశాడు. అశ్విన్ 128 బంతులాడి 39. ఇద్దరూ నిలబడి మ్యాచ్ డ్రా చేశారు. స్కోరు చూస్తే ఏముంది అందులో? ఏమీ లేదు. ఆ రోజు చూసినవాళ్ళని అడగండి, ప్రతి బంతికీ ఊపిరి బిగబట్టామంటారు. పక్షం లేనివాడికి అది మూడున్నర గంటల విసుగు. పక్షం ఉన్నవాడికి అది తపస్సు.

రెండోది, 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. విశాఖ అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి, చివరి బ్యాటర్ సిరాజ్ అవతల ఉండగా సెంచరీ కొట్టాడు. స్టాండ్స్‌లో వాళ్ళ నాన్నగారు చేతులెత్తి దండం పెడుతూ ఏడ్చేశారు. మనం రెండు రోజుల తర్వాత ఆ టెస్టు 184 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఇప్పుడు ఎవరికైనా ఆ మ్యాచ్ పేరు చెబితే ఏం గుర్తొస్తుంది? 184 గుర్తొస్తుందా, ఆ తండ్రి గుర్తొస్తాడా?

ఇంకో రకం బంధం కూడా ఉంది. కబడ్డీ చూసేవాళ్ళకి తెలుసు, తెలుగు టైటాన్స్ ప్రో కబడ్డీలో వరసగా మూడు సీజన్లు అట్టడుగున నిలిచింది. గెలుపుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా "ఈసారి చూడండి" అంటూ రాత్రిపూట టీవీ ముందు చేరిన జనం ఉన్నారు. వాళ్ళకేం దొరికింది? గెలుపైతే దొరకలేదు. ఒక రెయిడ్ దొరికింది, ఒక మంచి పట్టు దొరికింది, పక్కింటివాడితో కలిసి తిట్టుకోవడం దొరికింది. నిష్కామం అనే మాటకి ఇంతకంటే దగ్గరి లౌకిక ఉదాహరణ నాకు తట్టలేదు.

కాబట్టి ప్రేమ అనే అర్థంలో అభిమానం ఆటకి ఉప్పులాంటిది. అహం అనే అర్థంలో అభిమానం అదే కూరలో పడిన పురుగు.

పురుగు పడిందని ఎలా తెలుస్తుంది?

మొదటి గుర్తు, మన కళ్ళు అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. అమెరికాలో 1951లో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చాలా మొరటుగా జరిగింది. ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అదే ఫిల్మ్‌ని రెండు కాలేజీల విద్యార్థులకీ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. ప్రిన్స్‌టన్ పిల్లలకి డార్ట్‌మత్ చేసిన తప్పులు, డార్ట్‌మత్ పిల్లలు తమవాళ్ళలో చూసినవాటికి రెట్టింపు పైన కనిపించాయి. 1954లో ఈ పరిశోధన అచ్చయింది. ఫిల్మ్ ఒకటే. మనకి వేరే పరిశోధన అక్కర్లేదు, ఎల్బీడబ్ల్యూ రివ్యూ వచ్చినప్పుడు హాస్టల్ టీవీ రూమ్‌లో ఒక్కసారి చుట్టూ చూస్తే చాలు.

రెండో గుర్తు, మాటలో వస్తుంది. గెలిస్తే "మనం గెలిచాం", ఓడితే "వాళ్ళు ఓడిపోయారు, వెధవలు". 1976లో రాబర్ట్ సియాల్డినీ, అతని తోటివాళ్ళూ అమెరికా విద్యార్థుల్లో ఇదే చూశారు. గెలిచాక 'మేము' అనే మాట ఎక్కువ వచ్చింది, కాలేజీ పేరున్న చొక్కాలు ఎక్కువ కనిపించాయి. గెలుపులో వాటా కావాలి, ఓటమిలో వద్దు. ప్రేమ అయితే రెండింట్లోనూ ఉంటుంది కదా. కొడుకు పరీక్ష తప్పితే "వాడెవడో" అనే తల్లి ఉండదు.

మూడో గుర్తు, ఎదుటివాడు మనిషిగా కనిపించకపోవడం. అహ్మదాబాద్ ఫైనల్ తర్వాత మాక్స్‌వెల్ భార్యకి సోషల్ మీడియాలో అసహ్యమైన మెసేజ్‌లు వెళ్ళాయి. ఆమె భారతీయ మూలాలున్న అమ్మాయే. భర్త దేశానికి సంతోషపడటమే ఆమె చేసిన నేరం. ఆ మెసేజ్‌లు పెట్టినవాళ్ళలో ఎంతమంది ఆ సాయంత్రం ఇంట్లో దేవుడికి దీపం పెట్టి టీవీ ముందు కూర్చున్నారో! గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన మెట్లు ఇవే కదా: తలపు, తగులు, కోరిక, కోపం, ఆపైన బుద్ధి చెడటం. ఆ మెట్లన్నీ ఒక్క సాయంత్రంలో దిగేయొచ్చని ఫోన్ చూపించింది.

నాలుగో గుర్తు పందెం. గోదావరి జిల్లాలవాళ్ళకి దీని గురించి నేను చెప్పక్కర్లేదు. సంక్రాంతికి బరి దగ్గర నిలబడ్డవాడికి డేగ మీద ప్రేమ ఉండదు, కాకి మీద పగ ఉండదు. నోటు ఎటు పెడితే మనసు అటు. క్రికెట్ బెట్టింగ్ కూడా అంతే. బెట్ కాసినవాడు ఆట చూడట్లేదు, అంకె చూస్తున్నాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బులొడ్డే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మంచిదే. కానీ చట్టం యాప్‌ని ఆపగలదు. "గెలిచామా, గెలిచామా" అని లోపల అడిగే గుడ్డి రాజుని ఆపాల్సింది మనమే.

ఇక గెలుపు కూడా మనిషిని మింగగలదు. 2025 జూన్ 3న బెంగళూరు పద్దెనిమిదేళ్ళ ఎదురుచూపు తర్వాత కప్పు గెలిచింది. ఆ ఎదురుచూపు లేనివాడికి ఆ రాత్రి కన్నీళ్ళ విలువ తెలియదు, నేను ఒప్పుకుంటాను. మర్నాడే చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండుమంది పోయారు. తప్పు ఆ పిల్లలది కాదు. కానీ అంత ప్రేమని మోసుకొచ్చిన జనానికి దారి చూపించాల్సిన ఏర్పాటు ఏదీ సరిగ్గా లేకపోయింది. ప్రేమకి కూడా రాకపోకల దారులుండాలి.

ఆవాహన తెలుసు, మరి ఉద్వాసన?

ఇక్కడే మన సంప్రదాయం దగ్గర ఒక అద్భుతమైన పనిముట్టు ఉంది. మనం రోజూ వాడుతున్నదే.

వినాయక చవితికి ఏం చేస్తాం? బజార్లో మట్టి బొమ్మ తెస్తాం. అది మట్టి అని మనకి తెలుసు. ఆవాహన చేస్తాం, ప్రాణప్రతిష్ఠ చేస్తాం. ఆ క్షణం నుంచి అది మట్టి కాదు. కాలు తగిలితే లెంపలేసుకుంటాం. తొమ్మిది రోజులు నిజంగా, మనస్ఫూర్తిగా కొలుస్తాం. తర్వాత ఉద్వాసన చెప్పి, తీసుకెళ్ళి నీళ్ళలో కలిపేస్తాం. కలిపేటప్పుడు గుండె కలుక్కుమంటుంది కూడా. అయినా కలిపేస్తాం. "ఎలాగూ కలిపేదే కదా" అని పూజ సగం మనసుతో చేయం. "ఇంత పూజ చేశాం కదా" అని నిమజ్జనం మానుకోం.

మా ఏలూరులో ఏడేళ్ళకోసారి గంగానమ్మ జాతర జరుగుతుంది. వీధుల్లో మేడలు కట్టి అమ్మవార్లని నిలుపుతారు. మా వీధి జాతర గొప్పా, మీ వీధి జాతర గొప్పా అనే పట్టింపు కూడా ఉంటుంది, లేదని నేననను. కానీ జాతర చివర్లో అమ్మని సాగనంపుతారు. మళ్ళీ ఏడేళ్ళ దాకా ఆ వీధి మామూలు వీధే. రెండు వీధులవాళ్ళూ ఒకే కొట్లో పాలు కొనుక్కుంటారు.

టాస్ వేసేటప్పుడు ఆవాహన చేసుకోండి. ఆ జెర్సీలోకి మీ ప్రేమంతా పొయ్యండి. అరవండి, కుర్చీ మారకండి, దండం పెట్టుకోండి, గోళ్ళు కొరుక్కోండి. చివరి బంతి పడ్డాక ఉద్వాసన చెప్పండి. ఆవాహన చేసి ఉద్వాసన మర్చిపోతేనే నిద్ర పట్టనిది.

రామాయణంలో ఉద్వాసనకి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. రావణుడు పడిపోయాడు. అన్నగారి అంత్యక్రియలు చేయడానికి విభీషణుడే వెనకాడాడు. అప్పుడు రాముడే చెప్పాడు, వైరం అతని ప్రాణంతోనే తీరిపోయిందనీ, ఇక అతడు తనకీ కావలసినవాడేననీ, చేయవలసిన సంస్కారం చేయమనీ. సీతాదేవిని అపహరించినవాడి మీద పగకే చివరి బంతి ఉందట. మన రూమ్మేట్ మీద పగకి లేదా?

జనం మొత్తం కలిసి ఉద్వాసన చెప్పిన రోజు కూడా ఒకటుంది. 1999 జనవరి 31, చెన్నై చెపాక్. పాకిస్తాన్‌తో టెస్టు. సచిన్ నడుము నొప్పితో 136 కొట్టి అవుటయ్యాడు. గెలుపు గుమ్మం దాకా వచ్చి పన్నెండు పరుగుల తేడాతో ఓడిపోయాం. స్టేడియం ఒక్క క్షణం మూగబోయింది. తర్వాత జనం లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్ళకి చప్పట్లు కొట్టారు. వాళ్ళు స్టేడియం చుట్టూ తిరిగి ఆ చప్పట్లు అందుకున్నారు. ఆ ప్రేక్షకులకి బంధం లేదంటారా? వాళ్ళ కళ్ళల్లో నీళ్ళున్నాయి. చేతులు మాత్రం చప్పట్లు కొడుతున్నాయి. ఆ రెండూ ఒకేసారి సాధ్యమేనని చెన్నైవాళ్ళు చూపించారు.

"ఉద్వాసన చెప్పమంటే మనసు వింటుందా అన్నయ్యా?" అని అడగొచ్చు. వినదు. అందుకే మనవాళ్ళు దాన్ని భావంగా వదిలేయకుండా ఒక క్రియగా పెట్టారు. బొమ్మని ఈశాన్యానికి కొంచెం కదుపుతాం, అక్షింతలు వేస్తాం. చెయ్యి ముందు కదులుతుంది, మనసు వెనకాల వస్తుంది. ఆటకి కూడా అలాంటి చిన్న క్రియలు పెట్టుకోవాలి. నాకు తోచినవి మూడు. టీవీ కట్టేసే ముందు ఎదుటి టీమ్‌లో బాగా ఆడిన ఒక్కడి పేరు పైకి చెప్పండి. ఆ రాత్రికి ఫోన్‌లో హైలైట్స్, ట్రోల్స్ ముట్టకండి. ఎదుటి పక్షంవాడు ఎవరైనా పక్కన ఉంటే, వాడికి మంచినీళ్ళో టీయో మీరే ఇవ్వండి. చిన్నవే. చేసి చూడండి.

కొల్లేరు చెప్పే మాట

తమ్ముడి నాన్నగారు పనిచేసే చోటునే తీసుకుందాం. కొల్లేట్లోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, ఇంకా ఎన్నో వాగులు, కాలవలు వస్తాయి. వానాకాలం ఎంత నీరొచ్చినా సరస్సు తీసుకుంటుంది. బయటికి సముద్రానికి వెళ్ళే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సరస్సు పొడుగునా గట్లు వేసుకుని ఇది నా చెరువు, అది నీ చెరువు అనుకున్నప్పుడు, ఉప్పుటేరు పూడుకుపోయినప్పుడు, ఊళ్ళు మునిగాయి. 2006లో ప్రభుత్వం ఆ గట్లని కొట్టించాల్సి వచ్చింది. నీళ్ళు రావడం కొల్లేటికి ఏనాడూ తప్పు కాదు. నీళ్ళు వస్తేనే అది సరస్సు, అప్పుడే గూడకొంగలు వస్తాయి. పోయే దారి మూసుకుపోవడమే ప్రమాదం.

మనసు కూడా అంతే తమ్ముడూ. మ్యాచ్ అంటే ఇష్టం రావడం నీ సాధనకి అడ్డు కాదు. పొద్దున్న దీపం ముందు కూర్చునేసరికి కూడా అది బయటికి పోకపోతే, అప్పుడు అడ్డు. అందుకని వాగుని ఆపకు, ఉప్పుటేరు తవ్వుకో.

ఇక నాన్నగారి సంగతి. నీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ వాక్యమే. నువ్వు టీమ్ మీద అభిమానం అనుకుంటున్నదాంట్లో చాలా భాగం నాన్న మీద ప్రేమ అని నాకు అర్థమైంది. మన ఇళ్ళల్లో తండ్రీ కొడుకులు "నువ్వంటే నాకిష్టం" అని చెప్పుకోరు. "ఆ షాట్ ఎందుకు ఆడాడ్రా వీడు?" అని చెప్పుకుంటారు. అర్థం అదే. ఆ మాటని వైరాగ్యం పేరుతో తెంచుకోవద్దు. గట్టు మీద రాత్రిపూట మేత, మోటార్లు చూసుకుంటూ ఒంటరిగా కూర్చున్న మనిషికి ఓవర్ ఓవర్‌కీ కొడుకు ఫోన్ వస్తోందంటే, అది సేవ కాదా?

ఒక్కటి మాత్రం చెయ్యి. ఈసారి మ్యాచ్ అయిపోయాక ఇంకో ఫోన్ చెయ్యి. స్కోర్ గురించి వద్దు. "నాన్నా, అన్నం తిన్నావా? రేపు చెరువులో పట్టుబడి ఉందా?" అని అడుగు. మొదటిసారి ఆయన ఇబ్బందిపడి "ఆఁ, సరేలే, పడుకో" అంటారు. పరవాలేదు. నాలుగోసారికి ఆయనే మాట్లాడతారు. అప్పుడు టీమ్ ఉన్నా, డెక్కన్ ఛార్జర్స్ లాగా ఒక పొద్దున్న మాయమైపోయినా, మీ ఇద్దరి మధ్యా మాట ఉంటుంది.

రూమ్మేట్‌కి టీ నువ్వే పెట్టివ్వు.

మిగతావాళ్ళు కూడా వచ్చే మ్యాచ్‌కి ఆ మూడు క్రియల్లో ఏదో ఒకటి చేసి చూడండి. మళ్ళీ వారం సంజయుడి గురించి వీడియోలో వివరంగా మాట్లాడుకుందాం.

జై శ్రీకృష్ణ.